నువ్వు ఏ టీంల ఉంటవ్?

కరాచీలో దుకాణాల బోర్డులు అరబ్బీలో ఉండవు. ఉర్దూలో ఉంటాయి. ఈ ముక్క చెప్పడానికి ఎవరూ పండితుడు కానక్కరలేదు, కరాచీ చూసి రానక్కరలేదు. అయినా 2009లో వచ్చి, ప్రపంచమంతా కోట్లమంది ఆడిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ 2’ అనే వీడియో గేంలో కరాచీ అని ఒక మ్యాప్ ఉంది. ఆ కరాచీ బోర్డుల మీద ఉన్నది అరబ్బీ. పాకిస్తాన్ ఆటగాళ్ళు అప్పుడే గోల పెట్టారు. ఆ గోల ఎవరి చెవినా పడలేదు.

ఈ సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు. పదిహేనేళ్ళ మా అబ్బాయి చెప్పాడు. పాత గేంలు వెతుక్కుని ఆడటం వాడికి పిచ్చి. ఒకరాత్రి పిలిచి తెర చూపించాడు. “అబ్బా, ఇందులో టే లేదు, డాల్ లేదు, బడీ యే లేదు. ఇది మన ఉర్దూ కాదు గదా?” వాళ్ళ దాదీ పలక మీద దిద్దించిన అక్షరాలు వాడికి అక్కడ పనికొచ్చాయి. ఇంగ్లీషు మీడియం బడిలో ఉర్దూ లేదు. మజీదులో నేర్పేది ఖురాన్ చదవడానికి కావలసిన అరబ్బీ. మా పిల్లల్లో చాలామందికి ఇప్పుడు రెంటికీ తేడా తెలియడం లేదు. మావాడికి తెలిసినందుకు నాకు లోపల సంబరమైంది, పైకి అనలేదు.

సంబరం ఎక్కువసేపు నిలవలేదు. వాడు ఆ సంగతే తనతో ఆడే పిల్లలకు చెప్పాడు. హెడ్‌ఫోన్ తీసి ఉంది కాబట్టి జవాబు నాకూ వినపడింది. “ఏముందిరా, రెండూ ముస్లింల భాషలే గదా!” అన్నవాడు చెడ్డ పిల్లవాడేమీ కాదు. మా ఇంట్లో సేమ్యా తిన్నవాడే.

ముస్లింల భాష! అరబ్బీలో పే అనే అక్షరం లేదు. చే లేదు. గాఫ్ లేదు. పాన్ అని రాయాలంటే పే కావాలి, చాయ్ అని రాయాలంటే చే కావాలి. పాన్ డబ్బా బోర్డూ, చాయ్ హోటల్ బోర్డూ లేని కరాచీని కట్టారన్నమాట ఆ మహానుభావులు! రాత తీరూ వేరే. అరబ్బీ నస్ఖ్‌లో గీత మీద నడుస్తుంది. ఉర్దూ నస్తాలీఖ్‌లో కుడి నుంచి ఎడమకు జారుతూ కిందికి దిగుతుంది. ఆ జారుడును కంప్యూటరుకు నేర్పలేక ఉర్దూ పత్రికలు ఎన్నో ఏళ్ళు కాతిబుల చేతిరాత మీదే బతికాయి. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చింది. 1994లో ఢిల్లీ కంపెనీ చేసిన ఇన్‌పేజ్ వచ్చింది. అప్పుడు గాని కాతిబ్ కలం కింద పెట్టలేదు. పెట్టాక ఆయన ఏమైపోయాడన్నది వేరే కథ.

ఇంకో అవమానం ఉంది, అది అరబ్బీకే జరిగేది. చాలా గేంలలో గోడల మీది అరబ్బీ అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి తలకిందులు వరసలో ఉంటాయి. ఆ లిపిలో అక్షరం పక్క అక్షరాన్ని పట్టుకుని రూపం మార్చుకుంటుంది. అది తెలియని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ముక్కలుముక్కలుగా పడుతుంది. ఈజిప్టు మూలాలున్న డచ్ గేం తయారీదారు రామీ ఇస్మాయిల్ ఏళ్ళ తరబడి ఈ తప్పులు ఎత్తి చూపిస్తూనే ఉన్నాడు. తెలుగువాళ్ళకు ఈ బాధ తెలియనిది కాదు. ఫ్లెక్సీ బోర్డుల మీద ఒత్తులు ఊడి పక్కన పడిన తెలుగు చూస్తే మనకెట్లా ఉంటుంది? అయితే ఆ ఫ్లెక్సీ చూసి ‘దక్షిణాది భాషలన్నీ ఒకటే గదా’ అని ఎవరైనా అంటే మనం ఊరుకోం.

మనం అన్నాను. ఈ మనంలో నేను ఉన్నానా లేనా అనేది నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఇరవై ఏళ్ళకు పైగా తెలుగు పత్రికల్లో రాస్తున్నా “మీకు తెలుగు భలే వచ్చే!” అని మెచ్చుకునేవాళ్ళు నెలకొకరైనా తగులుతారు. నల్లగొండలో పుట్టినవాడికి తెలుగు రాక ఫ్రెంచి వస్తుందా? తెలుగువాళ్ళూ ముస్లింలూ అని రెండు మాటలు పక్కపక్కన వాడేస్తారు, ఒకడు రెండూ కాలేడన్నట్టు. కరాచీకి అరబ్బీ బోర్డు తగిలించినవాడికీ, నా తెలుగును చూసి ఆశ్చర్యపోయేవాడికీ మధ్య నాకు పెద్ద దూరం కనపడదు. ఇద్దరికీ ముస్లిం అంటే ఒకే బొమ్మ.

నేను వీడియో గేంలు ఆడనివాణ్ణి కాను. 2001లో బి.ఏ. పూర్తిచేసి జర్నలిజం చదువుదామని నల్లగొండ నుంచి హైదరాబాదు వచ్చాను. గంటకు ఇరవై రూపాయలిచ్చి ఇంటర్నెట్ కేఫులో కూచుని కౌంటర్ స్ట్రయిక్ ఆడేవాళ్ళం. పది కంప్యూటర్లు, పదిమంది రూమ్మేట్లు, ఒక ఫ్యాను. ఆ ఆట పుట్టుక తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అది ఏ కంపెనీ కడుపునా పుట్టలేదు. 1998లో వచ్చిన హాఫ్ లైఫ్ అనే గేంను మార్చి, మిన్ లే అనే వియత్నాం సంతతి కెనడా విద్యార్థీ, జెస్ క్లిఫ్ అనే అమెరికా కుర్రాడూ 1999లో ఊరికే పంచిపెట్టిన మార్పిడి అది. ఇట్లాంటి మార్పిడినే మోడ్ అంటారు. ఆడేవాళ్ళు అభిప్రాయాలు చెప్పేవారు, వీళ్ళు మళ్ళీ మార్చేవారు. ఊళ్ళో భాగోతం ఆడేవాళ్ళకు పెద్దమనుషులు ‘ఆ ఘట్టం బాగలేదు, ఈ పాట పెంచండి’ అని చెప్పినట్టే. జనం అంతగా ఎగబడ్డాక 2000లో వాల్వ్ కంపెనీ దాన్ని కొనుక్కుని అమ్మకానికి పెట్టింది.

ఆటలో రెండు జట్లు. ఒకటి టెర్రరిస్టులు, రెండోది కౌంటర్ టెర్రరిస్టులు. వాళ్ళు బాంబు పెడతారు, వీళ్ళు తీస్తారు. టెర్రరిస్టుల్లో నాలుగు రకాల వేషాలు. అన్నీ ముస్లింలవి కావు, అది ఒప్పుకోవాలి. ఒకటి మాత్రం మధ్యప్రాచ్య ఛాందసవాద ముఠా అని ఆటలోనే రాసి ఉండేది. అందరికీ ఇష్టమైన డస్ట్ అనే మ్యాప్ చూడగానే అరబ్బు ఊరని తెలిసిపోతుంది, ఇసుక రంగు గోడలు, కమాన్లు.

నాకు టెర్రరిస్టుల జట్టే ఇష్టం. కారణం మతం కాదు, ధర. వాళ్ళకు దొరికే ఏకే 47 తుపాకీ 2,500 డాలర్లు. అవతలివాళ్ళ ఎం4 3,100. చవకదే ఎక్కువ దెబ్బ కొట్టేది, తలకు తగిలితే ఒక్క గుండు చాలు. నెలాఖరుకు జేబులో పది రూపాయలుండే మాకు ఆటలోనన్నా పొదుపు చెయ్యడం ఒక అలవాటు.

సెప్టెంబరు 11 తర్వాత మావాళ్ళ నోట ఒక మాట వచ్చి చేరింది. జట్లు పంచుకునేటప్పుడు అందరినీ అడిగేవారు, “నువ్వు ఏ టీంల ఉంటవ్?” అని. నా దగ్గరికొచ్చేసరికి అడగడం మానేశారు. “నీది తెలిసిందే గదరా” అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. మర్నాడు కావాలని కౌంటర్ టెర్రరిస్టుల్లో చేరితే, “ఏంరా, పార్టీ మారినవా?” అని మళ్ళీ నవ్వు. దీనికి కోపం తెచ్చుకుంటే ‘ఆట గదరా’ అంటారు. తెచ్చుకోకపోతే అదే ఖాయమైపోతుంది. 2002 మార్చిలో గుజరాత్ వార్తలు వస్తున్న రోజుల్లో నేను ఆ కేఫుకు పోవడం మానేశాను. ఎవరూ ఏమీ అనలేదు, నిజం చెప్పాలంటే. ఫీజుకు డబ్బులు చాలడం లేదని చెప్పాను, అదీ నిజమే.

అదే ఏడు జులై 4న అమెరికా సైన్యమే సొంతంగా ఒక గేం విడుదల చేసింది. పేరు అమెరికాస్ ఆర్మీ. పిల్లల్ని సైన్యంలో చేర్చుకోవడానికి ఉచితంగా పంచిన ఆట, 2022 దాకా నడిపారు. అందులో ఒక ఏర్పాటు ఉంది. ఇంతకంటె గొప్ప రాజకీయ వ్యాసం నేను ఎక్కడా చదవలేదు. ఆ ఆటలో ఎవరూ టెర్రరిస్టుగా ఆడరు. నువ్వూ నీ జట్టూ నీ తెర మీద అమెరికా సైనికులే. ఎదుటి జట్టు నీకు టెర్రరిస్టుల్లా కనపడుతుంది. ఎదుటివాడి తెర మీద వాడు సైనికుడు, నువ్వు టెర్రరిస్టువి. ఇద్దరి చేతిలోనూ ఉన్న తుపాకీ ఒకటే, ఎవరి తెరకు తగ్గట్టు వాళ్ళకు వేరుగా కనపడుతుంది. ఇది సైన్యం వాళ్ళు వ్యంగ్యంగా చెయ్యలేదు. తమ పిల్లలు శత్రువు వేషం కట్టకూడదని చేశారు. అయినా అసలు విషయం చెప్పేశారు.

2006 మే నెలలో ఇంకా పెద్ద తమాషా జరిగింది. అమెరికా కాంగ్రెసులో గూఢచార వ్యవహారాల కమిటీ ముందు ఒక వీడియో వేశారు. జిహాదీలు అమెరికా గేంలను మార్చి, పిల్లలకు అమెరికా సైనికుల్ని చంపే శిక్షణ ఇస్తున్నారనడానికి సాక్ష్యంగా. తెర మీద తలపాగా మనిషి తుపాకీ పట్టుకుని పోతుంటాడు. కాఫిర్లు హెలికాప్టర్లలో మా ఊరిమీదికి వచ్చారని వెనక నుంచి ఒక గొంతు చెబుతుంటుంది. సభ్యులు గంభీరంగా చూశారు. తర్వాత పత్రికలు తవ్వితే తేలిందేమిటంటే, అది మోడ్ కాదు. బాటిల్‌ఫీల్డ్ 2 అనే గేం, దాని అనుబంధం. అందులో అరబ్బు సైన్యం పక్షాన ఆడే వీలు తయారుచేసిన కంపెనీయే పెట్టింది. వీడియో చేసింది నెదర్లాండ్స్‌లోని ఒక ముస్లిం కుర్రాడు, తోటి ఆటగాళ్ళు చూసి నవ్వుకోవడానికి. ఆ గొంతు 2004లో వచ్చిన ‘టీం అమెరికా’ అనే తోలుబొమ్మల హాస్య సినిమాలోది. అమెరికావాళ్ళే తీసిన సినిమా.

ఇందులో నాకు నవ్వు రానిది ఒకటుంది. అదే గేంలో అదే సైనికుణ్ణి ఆడి ఎన్నో వేలమంది వీడియోలు తీసి పంచుకున్నారు. వాళ్ళు గేమర్లు. ఈ కుర్రాడొక్కడి వీడియోయే సాక్ష్యం అయింది. నేను రిపోర్టరుగా ఉన్న రోజుల్లో 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీ కుర్రాళ్ళను ఎత్తుకుపోయారు, కొట్టారు, జైళ్ళలో పెట్టారు. కోర్టులు వదిలేశాక కొన్నేళ్ళకు ప్రభుత్వమే పరిహారం ఇచ్చింది. అప్పట్లో స్టేషన్ల బయట కూచున్న తల్లులు నన్ను ఒకటే అడిగేవారు. “మా వాడి ఫోన్లో ఏముందంటున్నారు బాబూ? మా వాడి కంప్యూటర్లో ఏముందంటున్నారు?” ఏముంటుంది? పాటలు, పెళ్ళి ఫొటోలు, ఒకటి రెండు ఆటలు.

మావాళ్ళు తక్కువ తినలేదన్నదీ చెప్పాలి. 2003లో అమెరికాలో ‘క్వెస్ట్ ఫర్ సద్దాం’ అని ఒక చౌకబారు గేం వచ్చింది, సద్దాంను వేటాడటం. 2006లో అల్ ఖైదా ప్రచార ముఠా ఒకటి దాన్నే తీసుకుని సద్దాం ముఖాలు పీకి బుష్ ముఖాలు అతికించి వదిలింది. ముఖాలే మారాయి. గోడలవే, గుండ్లవే, తెలివితక్కువతనం అదే. వఫా బిలాల్ అనే ఇరాకీ అమెరికన్ కళాకారుడు ఆ రెండో దాన్ని మూడోసారి మార్చాడు. 2004లో ఇరాక్‌లో అమెరికా దాడిలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు ఆయన. అందులో తన బొమ్మనే పెట్టుకున్నాడు, తమ్ముడు చచ్చాక ఆత్మాహుతి దళంలో చేరినవాడిగా. ఒక మామూలు మనిషిని అటూ ఇటూ ఏ రెండు శక్తులు తొక్కితే అట్లా అవుతాడో చూపించడానికి. 2008లో న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ పట్నంలో ప్రదర్శన పెడితే అక్కడి విద్యాసంస్థ ఆపేసింది. ఇంకో చోట పెడితే, తలుపులు నిబంధనల ప్రకారం లేవని మునిసిపాలిటీ ఆ హాలు మూసేసింది. తలుపులు! మునిసిపాలిటీలు ఎక్కడైనా ఒకటే.

ఇక మా ఇంటి సంగతి. మావాడు ఫోన్లో బీజీఎంఐ ఆడతాడు, 2020 సెప్టెంబరులో నిషేధించిన పబ్జీకి మారు రూపం. ముక్కూ మొహం తెలియని నలుగురు ఒక జట్టుగా దిగి, మైకులో మాట్లాడుకుంటూ ఆడాలి. మొదట్లో వాడు తన పేరే పెట్టుకున్నాడు. అవతలినుంచి ‘పాకిస్తాన్ సే హై క్యా?’ అనేవాళ్ళు, ‘ముల్లా ముందు నడువు, మేం వెనక వస్తాం’ అనేవాళ్ళు. ఒకడైతే వాడి గొంతు వినగానే హైదరాబాదీ యాస పట్టి పదినిమిషాలు వెక్కిరించాడట. కొన్నాళ్ళకు వాడి ఆటపేరు మారింది. ఇప్పుడు వాడి పేరు ఒక జంతువూ, రెండు అంకెలూ. నేను అడిగితే, “గుండు తగిలి చావచ్చు అబ్బా, పేరు తగిలి చస్తే పాయింట్లు రావు” అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు. అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఫోన్లో పేరు చెప్పకుండా ముందు ఇల్లు ఖాళీగా ఉందో లేదో కనుక్కోవడం మా తరం నేర్చుకుంది. వాడు ఇంకా ఓటు వయసు రాకముందే నేర్చుకున్నాడు.

ఆ పేరు మార్చుకున్నాక వాడి బుద్ధి మోడ్ల మీదికి పోయింది. రెంటికీ సంబంధం ఉందని నేననుకుంటాను. వాడు ఒప్పుకోడు. ఇంట్లో ఉన్నది పాత కంప్యూటరు, కొత్త గేంలు దాని మీద లేవవు. కౌంటర్ స్ట్రయిక్ పాతది, 1.6, గాలిలా నడుస్తుంది. దాంట్లో మన గల్లీని కడతానన్నాడు. యూట్యూబులో పాఠాలు పెట్టుకున్నాడు. ఒకటి బిహారు కుర్రాడిది, ఒకటి లాహోరు కుర్రాడిది, రష్యన్ ఒకటి, మాట అర్థం కాకపోయినా మౌసు ఎటు కదులుతుందో చూసి నేర్చుకునేది. లాహోరు కుర్రాడు ఖాళీ జాగా వదిలితే మ్యాప్ కారిపోతుందని చెబుతుంటే నేనూ నిలబడి విన్నాను. నిజంగానే అంతే. గోడకూ గోడకూ మధ్య సందు ఉంటే ఆ మ్యాప్ తయారవదు, లీక్ అని చెప్పి ఆగిపోతుంది. మా గల్లీలో సందులు లేని గోడ ఎక్కడుంది! వాడు నెల రోజులు సందులు పూడ్చాడు.

పనిముట్టు పేరు హ్యామర్. దిమ్మెలు పేర్చి గది చెయ్యడం, గోడకు బొమ్మ అతికించడం. బొమ్మ కొలతలు పదహారు చొప్పున ఉండాలి, 256 రంగులకు మించకూడదు. మావాడు ఫోను పట్టుకుని గల్లీ అంతా తిరిగి ఫొటోలు తీశాడు. కిరాణా కొట్టు షట్టరు, దర్జీ దుకాణం, పాలవాళ్ళ ఇంటి అరుగు, హోటలు బోర్డు. ఆ బోర్డు మీద పైన ఉర్దూ, మధ్యలో తెలుగు, కింద ఇంగ్లీషు. నస్తాలీఖ్ జారుడు చెడకుండా, తెలుగు ఒత్తు తెగకుండా 256 రంగుల్లోకి దింపడానికి వాడికి మూడు రాత్రులు పట్టింది. పే ఉంది. చే ఉంది. నేను భూతద్దం పెట్టి చూశాను.

ఫొటోలు తీస్తున్నాడని తెలిసిన రోజున ఇంట్లో గొడవ. మా అమ్మీ వణికిపోయింది. “పులీస్‌వాలే దేఖే తో క్యా కర్తే? మజీదు ఫొటో, గల్లీ ఫొటో, కంప్యూటర్ల తుపాకులు!” ఆమెది చాదస్తం అనడానికి నాకు నోరు రాలేదు. 2007లో టెక్సాస్‌లో ఒక హైస్కూలు విద్యార్థి తన బడినే కౌంటర్ స్ట్రయిక్ మ్యాపుగా చేసినందుకు బడి మార్పించారు, పోలీసులు ఇల్లు వెతికారు. వాడు ముస్లిం కూడా కాదు. పాతబస్తీలో ఒక ముస్లిం పిల్లవాడు మజీదు మెట్లు ఎన్నో లెక్కపెట్టుకుని కాగితం మీద రాసుకుంటే ఆ కాగితాన్ని ఎవరు ఏమని చదువుతారు? ఇంటర్నెట్‌లో పెట్టకు, దోస్తుల మధ్య ఉంచుకో అన్నాను. “మరి ట్యుటోరియల్ చేసిన లాహోరువాడు తన గల్లీ పెట్టాడు గదా, నాకెందుకు లేదు?” అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. చెప్పాలనిపించలేదు.

రెండో గొడవ మజీదు గురించే. తుపాకుల ఆటలో మజీదేమిటని మా ఇంటామె. “ఉంది గద అమ్మీ, మన గల్లీల ఉంది గద. తీసేస్తే మన గల్లీ ఎట్లయితది?” అని వాడు. ఇట్లాంటి పంచాయితీలు ప్రపంచంలో చాలా జరిగాయి. 2021లో కాల్ ఆఫ్ డ్యూటీ వాన్‌గార్డ్‌లో నేలమీద ఖురాన్ పేజీలు పరిచి ఉంటే ఆటగాళ్ళే పట్టుకున్నారు, కంపెనీ క్షమాపణ చెప్పి తీసేసింది. తియ్యాల్సిందే. కాని 2008లో లిటిల్ బిగ్ ప్లానెట్ అనే పిల్లల గేం సంగతి వేరు. అందులో మాలీ దేశపు సంగీతకారుడు తుమానీ దియాబతే పాట ఉంది, పాటలో ఖురాన్ మాటలు రెండు ఉన్నాయి. ఒక ముస్లిం ఆటగాడు అభ్యంతరం చెబితే కంపెనీ భయపడి డిస్కులన్నీ వెనక్కి తెప్పించి పాట మాటలు తీసేసింది. ఆ సంగీతకారుడూ ముస్లిమే. ఇది మామూలేనన్నాడు. మన దర్గాల్లో ఖవ్వాలీ లేదా? పీర్ల పండక్కి తెలంగాణ పల్లెల్లో హసన్ హుసేన్ల మీద తెలుగు పాటలు లేవా? ఏది ఇస్లామో ఒకడి ఫిర్యాదూ, ఒక కంపెనీ భయమూ కలిసి తేల్చేశాయి. మాలీ ముస్లిం పాట నోరు మూసుకుంది.

నాకు ఈ క్షమాపణల మీద పెద్ద గౌరవం లేదు. పేజీకి చెబుతారు, మనిషికి చెప్పరు. 2007 నాటి మోడరన్ వార్‌ఫేర్‌లో యుద్ధం జరిగే దేశానికి పేరు కూడా లేదు, మధ్యప్రాచ్యం, అంతే. 2019లో వచ్చినదానికి ఉర్జిక్‌స్తాన్ అని లేని పేరు పెట్టారు. అందులో ‘హైవే ఆఫ్ డెత్’ అనే చోటు ఉంది, రష్యావాళ్ళు బాంబులేసి పారిపోతున్నవాళ్ళను చంపారని చెబుతారు. ఆ పేరుతో నిజంగా ఉన్న రోడ్డు కువైట్ నుంచి ఇరాక్ పోయేది. 1991 ఫిబ్రవరిలో దాని మీద బాంబులు వేసింది అమెరికా, దాని మిత్రులు. చరిత్రను కూడా మోడ్ చేస్తారన్నమాట, ముఖాలు మార్చి. దీనికి మాత్రం డిస్కులు వెనక్కి రాలేదు.

మంచివి లేవా? ఉన్నాయి. 2012లో వచ్చిన క్రూసేడర్ కింగ్స్ 2లో మొదట క్రైస్తవ రాజుగానే ఆడాలి. కొన్ని నెలలకే ముస్లిం సుల్తానుగా ఆడేందుకు అదనపు భాగం ఇచ్చారు, డబ్బులకు. 2023లో అసాసిన్స్ క్రీడ్ మిరాజ్‌లో తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదును కట్టారు. బజారుల్లో ఊరికే నడుస్తూ తిరగొచ్చు. మావాడు యూట్యూబులో చూపిస్తే, తుపాకీ పేలని అరబ్బు ఊరు ఎట్లుంటుందో చాలా రోజుల తర్వాత చూశాను.

మా గల్లీ మ్యాపులో మజీదు ఉంది. తలుపు మాత్రం తెరుచుకోదు. బయట నుంచి దాటిపోవాలి, మెట్ల మీద నిలబడితే గుండు తగలదు. ఆ ఏర్పాటు ఎట్లా చేశాడో నాకు అర్థం కాలేదు. పాలవాళ్ళ పిల్లవాడు చెప్పిన ఉపాయమట. సేమ్యా తిన్న ఆ పిల్లవాడే. మైసమ్మ గుడి ముందు కూడా అట్లాగే చేశారు, లేకపోతే వాడు ఒప్పుకోలేదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు జట్లతో వచ్చింది. ఆట నియమం ప్రకారం ఒక జట్టు టెర్రరిస్టులు కావాలి. మన గల్లీలో టెర్రరిస్టులు ఎటునుంచి రావాలి? మజీదు వైపు నుంచా? గుడి వైపు నుంచా? పిల్లలు ఐదారుగురు మా మేడమీద కూచుని రెండు ఆదివారాలు దీనిమీదే కొట్టుకున్నారు. నేను చెవి అటే వేసి పేపరు చదువుతున్నట్టు కూచున్నాను. ఒకడు ‘ఏముందిరా, ఆటే గదా’ అన్నాడు. ఆ మాట ఇరవై ఏళ్ళకు పైగా దాటి వచ్చి నన్ను తగిలింది. నేను నోరు తెరిచేలోపు పాలవాళ్ళ పిల్లవాడు అన్నాడు, “ఆటే అయితే మార్చొచ్చు గదరా, దీన్నే మోడ్ అంటరు.”

మార్చారు. వేషాల ఫైళ్ళు తీసేసి ఇద్దరికీ క్రికెట్ బట్టలు తొడిగారు, ఒకరికి తెలుపు, ఒకరికి నీలం. తెర మీద రాతల ఫైలు తెరిచి టెర్రరిస్టులన్న చోట ‘పై గల్లీ’ అనీ, కౌంటర్ టెర్రరిస్టులన్న చోట ‘కింది గల్లీ’ అనీ రాశారు, ఇంగ్లీషు అక్షరాల్లోనే. మా గల్లీ వాలుగా ఉంటుంది. క్రికెట్‌కు ఎప్పట్నుంచో ఆ రెండే జట్లు, రెంట్లోనూ అందరూ ఉంటారు. జట్టు గెలవగానే ఒక గొంతు ప్రకటిస్తుంది. టెర్రరిస్టులు గెలిచారని చెప్పే ఆ చిన్న శబ్దం ఫైలును తీసి, మావాడు తన గొంతు పెట్టాడు: “ఊపర్ కీ గల్లీ జీత్ గయీ, మియా!” రెండోది పాలవాళ్ళ పిల్లవాడి గొంతు: “కింది గల్లీ గెలిచిందిరో!” వాళ్ళు అమర్చిన తీరు చూపిస్తుంటే చూశాను. లోపల, ఆట నడిపే లెక్కల్లో మాత్రం రెండు జట్లకూ పాత పేర్లే ఉన్నాయి. వాటిని మార్చితే ఆట నడవదట. “అవి ఎవరికీ కనపడవు అంకుల్” అన్నాడు ఆ పిల్లవాడు నన్ను ఊరడిస్తున్నట్టు.

అమ్మీకి భయం ఇంకా పోలేదు. అయినా మొన్న కుర్చీ లాక్కుని తెర ముందు కూచుంది. మన ఇల్లు ఏదిరా అంది. చూపించాడు. దర్జీ దుకాణం చూసింది, హోటలు బోర్డు పైకి చదివింది, మొదట ఉర్దూ, తర్వాత కూడబలుక్కుని తెలుగు. అంతా చూసి, “వేపచెట్టు ఏది?” అంది. రోడ్డు వెడల్పులో ఆ చెట్టు కొట్టేసి ఎన్నేళ్ళయిందో మావాడికి తెలియదు, వాడు దాన్ని చూడనే లేదు. ఫొటో కూడా లేదు. కొమ్మ ఎటు వంగి ఉండేదో, ఊయల ఏ కొమ్మకు కట్టేవాళ్ళో ఆమె చేతులతో చూపించింది. ఈ ఆటలో చెట్టు అంటే రెండు పలచటి అట్టలు అడ్డంగా నిలబెట్టి ఆకుల బొమ్మ అతికించడమే. పక్కనుంచి చూస్తే కాగితంలా కనపడుతుంది. అదే చెప్పాడు వాడు.

“ఉండనీ బేటా, మజీదుకూ పాలవాళ్ళ అరుగుకూ మధ్య పెట్టు” అంది అమ్మీ. “కొంచెం ఎడమకు. ఇంకొంచెం.”